ఎడారి పొట్టేలు - దారి చూపినవాళ్ళు

మా ఇంట్లో ఒక పాత ఫొటో ఉంది. 1950లలో నల్లమలలో తీసినది. నేలమీద చచ్చిపడిన పెద్దపులి, దాని పక్కన తుపాకి ఆనించుకుని నిలబడ్డ ఒక పెద్దమనిషి, ఆయన వెనక నలుగురైదుగురు పరివారం. కుడివైపు అంచున సగం భుజం, ఒక చెయ్యి, తలపాగా కొస కనిపిస్తాయి. అవి మా తాతవి. ఆత్మకూరు చుట్టుపక్కల అడవుల్లో జాడ తీయడంలో ఆయనకు పేరుండేదట. పులి ఏ వాగులో నీళ్ళు తాగిందో, మళ్ళీ ఏ వేళకు వస్తుందో చెప్పి, మంచె కట్టించి, ఆ పెద్దమనిషిని దానిమీద కూర్చోబెట్టింది ఆయనే. ఫొటో తీసినవాడికి మాత్రం ఆయన మొహం అవసరమని తోచలేదు.

ఈ ఫొటో సంగతి చాలా ఏళ్ళు మరచిపోయాను. ఉద్యోగరీత్యా ఆరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరంలో ఉన్న రోజుల్లో, నాతో పనిచేసే ఒక పెద్దాయన ఇంటికి భోజనానికి వెళ్ళాను. ముందుగదిలో గోడమీద ఒక పొట్టేలు తల. గుండ్రంగా చుట్టు తిరిగిన కొమ్ములు, గాజుకళ్ళు. దాని కిందే ఒక ఫొటో. ఆయన ఆ పొట్టేలు కొమ్ములు పట్టుకుని మోకాళ్ళమీద కూర్చుని ఉన్నాడు. ఫొటో అంచున, ఎండకు కమిలిన ఒక చెయ్యి. "ఎవరిదీ చెయ్యి?" అని అడిగాను. "మా గైడుది" అన్నాడు.

ఆ రాత్రి ఆయన చెప్పిన కథ, ఆ తరువాత నేను చదువుకున్న చరిత్ర - ఈ రెండూ కలిపి రాస్తున్నాను. వేట అంటే గిట్టనివాళ్ళు (నేనూ ఆ బాపతే) కాస్త ఓపిక పట్టి చదవండి.

*

ముందు ఆ జీవి గురించి రెండు మాటలు. ఉత్తర అమెరికా పడమటి కొండల్లో బతికే అడవి గొర్రెను అక్కడివాళ్ళు పెద్దకొమ్ముల గొర్రె అంటారు. శాస్త్రజ్ఞులు 1804లో దానికి ఓవిస్ కెనడెన్సిస్ అని పేరు పెట్టారు. మంచుకొండల్లో ఉండేది ఒక రకం. ఆరిజోనా, నెవాడా, కాలిఫోర్నియా, టెక్సస్, మెక్సికోల ఎడారి కొండల్లో ఉండేది మరో రకం. ఈ రెండోదానికి ఒళ్ళు కాస్త చిన్నది. కొమ్ములు మాత్రం చిన్నవి కావు. ముదురు పొట్టేలు కొమ్ముల బరువే పది కిలోలకు పైబడుతుంది. ఆడవాటికి పొట్టిగా, కొద్దిగా వంగిన కొమ్ములుంటాయి. చెట్టు మానులో వలయాల్లాగా ఈ కొమ్ములమీద ఏటికొక గీత పడుతుంది. ఆ గీతలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది. మన కథకు ఈ గీతలు చాలా ముఖ్యం.

'పొట్టేలు కొండతో ఢీకొన్నట్టు' అంటాం మనం. ఈ పొట్టేలుకు కొండతో వైరం లేదు, కొండే దాని కోట. నిట్టనిలువు రాతిగోడ మీద బెత్తెడు అంచు దొరికితే చాలు, పరుగెత్తగలదు. తోడేలూ కొండసింహమూ దాన్ని అందుకోవాలంటే ఆ రాళ్ళమీదే అందుకోవాలి. నీళ్ళు లేకుండా రోజుల తరబడి ఉంటుంది. మరీ దాహమైతే ముళ్ళ బొమ్మజెముళ్ళను కొమ్ములతో పగలగొట్టి లోపలి గుజ్జు తింటుంది. ఇక చూపు సంగతి చెప్పనక్కరలేదు. మనం దాన్ని చూసేసరికి అది మనల్ని ఎప్పుడో చూసి ఉంటుంది.

మెక్సికోలో దాని పేరు బొరేగో సిమరోన్. బొరేగో అంటే గొర్రె. సిమరోన్ అన్న మాట స్పానిష్ వలసల కాలంలో పుట్టింది. మంద నుంచి తప్పించుకుని కొండలెక్కిన పశువునీ, యజమాని నుంచి పారిపోయిన బానిసనీ అదే మాటతో పిలిచేవారు. ఎన్నడూ ఎవరి మందలోనూ లేని జంతువుకు పారిపోయినది అని పేరు పెట్టడం వలసవాళ్ళకే చెల్లింది.

*

ఇక పెద్దాయన కథ. మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలో, కాబోర్కా ఊరికి దూరంగా, ఒక పశువుల రాంచ్. వేల ఎకరాల మొండినేల, మధ్యలో గొలుసుకట్టుగా కొండలు. ఆయన అక్కడ ఆరు రోజులున్నాడు. చీకటితోనే లేచి, మొక్కజొన్న రొట్టెలూ చిక్కుళ్ళూ తిని, పాత ట్రక్కులో కొండ మొదలుకు పోయేవారు. అక్కడి నుంచి నడక. ఒక ఎత్తయిన చోట కూర్చుని, ముక్కాలిపీటమీద దుర్భిణి బిగించి, ఎదుటి కొండను గజం గజం వెతకడం. వేటంటే పరుగు, తుపాకి మోత అని మనం అనుకుంటాం. ఈ వేటలో తొంభై పాళ్ళు కూర్చోవడమేనట.

గైడు ఒకప్పుడు అదే రాంచ్‌లో పశువులు కాసినవాడు. మొదటి మూడు రోజుల్లో అయిదు పొట్టేళ్ళను చూపించాడు. ఒక్కదాన్నీ కాల్చనివ్వలేదు. "ఇది ఆరేళ్ళది, ఇది అయిదేళ్ళది" అనేవాడు. కిలోమీటరు దూరం నుంచి, దుర్భిణిలోంచి, కొమ్ముల గీతలు లెక్కపెట్టి! నాలుగో రోజు పొద్దెక్కాక, "అదిగో" అన్నాడు. పెద్దాయనకు అరగంట వెతికినా రాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. చివరికి ఒక పాలో వెర్దె చెట్టు నీడలో ఒక వంపు కనిపించింది. అది కొమ్ము. పొట్టేలు పడుకుని నెమరువేస్తోంది. తొమ్మిదేళ్ళదని గైడు తేల్చాడు. గాలివాటం చూసుకుని, కొండ చుట్టి, నాలుగు గంటలు పాకుతూ నడిచి దగ్గరకు చేరారు. ఆ తరువాతిది ఒక్క క్షణం పని.

"నేను చేసిందల్లా ఆ క్షణమే. మిగిలిందంతా అతనిదే" అన్నాడు పెద్దాయన, నిజాయితీగా. పేరడిగాను. ముద్దుపేరు చెప్పాడు. అసలు పేరేమిటో, ఇంటిపేరేమిటో తనకు తెలియదన్నాడు. పొట్టేలు కొమ్ముల కొలతలు మాత్రం అంగుళంలో ఎనిమిదో వంతు దాకా చెప్పాడు.

*

ఆ పేరు తెలియకపోవడమే నన్ను ఈ చరిత్రలోకి లాక్కెళ్ళింది.

ఈ నేలమీద గొర్రెల వేట తుపాకులకన్నా ఎంతో పాతది. 1697లో కీనో అనే జెసూట్ మతగురువుతో కలిసి హీలా నది వెంట పోయిన మాన్హే అనే సైనికాధికారి, తూసోనిమో అనే పల్లెలో ఇళ్ళకన్నా ఎత్తుగా పేర్చిన కొమ్ముల గుట్టను చూశాడు. కొమ్ములు లక్షకు పైబడి ఉంటాయని అతని అంచనా. అంకె సంగతి ఎలా ఉన్నా, అది తరాల తరబడి పెరిగిన గుట్ట. ఒక్కరోజు విందు కాదు.

ఆ గుట్టలు ఎందుకన్నదానికి రెండు శతాబ్దాల తరువాత ఒక జవాబు దొరికింది. నార్వే దేశస్థుడు కార్ల్ లుమ్‌హోల్ట్స్ 1909-10లో ఈ ఎడారిలో తిరిగి, 1912లో పుస్తకం ప్రచురించాడు. అప్పట్లో పాపాగోలు అని పిలిచిన తోహోనో ఓధామ్ ప్రజల వేటగాళ్ళు, చంపిన గొర్రె కొమ్ములను ఎక్కడంటే అక్కడ వదిలెయ్యరనీ, నీటిగుంటల దగ్గర ఒక్కచోట పేరుస్తారనీ రాశాడు. ఆ కొమ్ములకు గాలితోనూ వానతోనూ సంబంధం ఉందని వారి నమ్మకం. అశ్రద్ధ చేస్తే గాలి చెడుతుంది, వాన తప్పుతుంది. ఎడారిలో వానకన్నా పెద్ద దేవుడెవరు? వేటకు హద్దు గీసేది ఆ భయం. అదే కొమ్మును గోడకు తగిలించుకునే ఆచారం తరువాత వచ్చింది.

1907 నవంబరులో ఇద్దరు ముగ్గురు ప్రముఖులు టూసాన్ నుంచి బయల్దేరి, సొనోరా వాయవ్య మూలనున్న పినకాతే లావాభూములకు పోయారు. వారిలో న్యూయార్కు జంతుప్రదర్శనశాల అధిపతి విలియం హార్నడే ఒకడు. ఆ ప్రయాణాన్ని 1908లో 'క్యాంప్‌ఫైర్స్ ఆన్ డెజర్ట్ అండ్ లావా' అనే పుస్తకంగా రాశాడు. వారికి తోడుగా పోయినవాడు జెఫ్ మిల్టన్ అనే సరిహద్దు అధికారి, ఆ ఎడారిలో గుర్రం మీద ఒంటరిగా తిరిగినవాడు. హార్నడే అక్కడ గొర్రెలను వేటాడాడు. అయిదేళ్ళు తిరిగేసరికి, 1913లో, అమెరికాలో అడవి జంతువులు కనుమరుగైపోతున్నాయంటూ 'అవర్ వానిషింగ్ వైల్డ్ లైఫ్' అనే ఘాటైన గ్రంథం రాసిందీ ఆయనే. ఈ వైరుధ్యం ఆయన ఒక్కడిదే కాదు, ఆ తరానిది.

చార్లెస్ షెల్డన్‌దీ అదే తీరు. అలాస్కాలో నేడు డెనాలి అని పిలిచే జాతీయవనం 1917లో ఏర్పడడానికి ప్రధాన కారకుడు ఆయన. ఆ ఆలోచన ఆయనకు తట్టింది కొండగొర్రెల వేటలోనే. సొనోరా ఎడారిలోనూ గొర్రెలను వేటాడాడు. 1921లో టిబురోన్ దీవికి పోయి సేరి తెగవారి మధ్య కొన్నాళ్ళు గడిపాడు. ఆ దినచర్యలు ఆయన పోయిన అర్ధశతాబ్దానికి, 1979లో అచ్చయ్యాయి. ఈ టిబురోన్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

*

గొర్రెలు తగ్గిపోవడానికి షోకు వేటగాళ్ళే కారణం అనుకుంటే పొరపాటు. 19వ శతాబ్దపు చివర్లో ఎడారికి గనులు వచ్చాయి, రైళ్ళు వచ్చాయి. గని కూలీలకు మాంసం కావాలి, కాబట్టి కొండగొర్రెను చంపి అమ్మేవాళ్ళు పుట్టుకొచ్చారు. దానికన్నా పెద్ద దెబ్బ పెంపుడు గొర్రె కొట్టింది. దాని ముక్కులో ఉండే సూక్ష్మజీవులు దానికి పెద్దగా హాని చెయ్యవు. అవే అడవి గొర్రెకు సోకితే న్యుమోనియా వచ్చి మందలకు మందలే రాలిపోతాయి. రాంచ్‌లవాళ్ళు వేసిన కంచెలు, ఆక్రమించుకున్న నీటిగుంటలు మిగతా పని చేశాయి. టెక్సస్‌లో 1903లోనే వేట నిషేధించారు. అయినా 1960ల నాటికి అక్కడ సొంత గొర్రె ఒక్కటీ మిగల్లేదు. నేడు అక్కడున్నవి బయటి రాష్ట్రాల నుంచి తెచ్చి వదిలినవాటి సంతానం. నిషేధం ఒక్కటే చాలదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఆరిజోనా ప్రాంతం 1893లో వేట నిషేధించింది. మెక్సికోలో 1922లో అధ్యక్షుడు ఒబ్రెగోన్ (ఆయన సొనోరావాడే) పదేళ్ళపాటు ఆపాడు. 1936లో ఆరిజోనాలో ఫ్రెడరిక్ బర్న్‌హామ్ అనే వృద్ధ స్కౌటు, ఆఫ్రికా యుద్ధాల్లో పేరు తెచ్చుకున్నవాడు, బాయ్ స్కౌట్ పిల్లలను కూడగట్టి 'గొర్రెను కాపాడండి' అని రాష్ట్రమంతా ఊదరగొట్టాడు. పిల్లలు బడుల్లో పోస్టర్లు గీశారు, ఉపన్యాసాలిచ్చారు. ఫలితంగా 1939 జనవరిలో కోఫా, కబేసా ప్రియేతా అనే రెండు అభయారణ్యాలు ఏర్పడ్డాయి. (అన్నట్టు, కోఫా స్పానిష్ మాట కాదు. 'కింగ్ ఆఫ్ ఆరిజోనా' అనే బంగారు గని పేరులోని తొలి అక్షరాలు కలిపితే వచ్చింది.)

1953లో ఆరిజోనాలో పరిమితంగా మళ్ళీ వేట తెరిచారు. అప్పటికి దీనికి కొత్త మోజు తోడైంది. 1940ల చివర్లో గ్రాన్సెల్ ఫిట్జ్ అనే రచయిత, ఉత్తర అమెరికాలోని నాలుగు రకాల కొండ పొట్టేళ్ళనూ కొట్టినవాడికి 'గ్రాండ్ స్లామ్' సాధించినవాడని పేరు పెడుతూ ఒక పత్రికలో రాశాడు. పేకాట మాట వేటకు అతుక్కుంది. 1956లో దానికొక క్లబ్బు కూడా పుట్టింది. నాలుగింటిలోనూ దొరకనిది ఎడారి పొట్టేలు. ఎందుకంటే అనుమతులు బహు తక్కువ. ఆరిజోనాలో లాటరీలో పేరు రావాలి, వచ్చినా జీవితంలో ఒక్కసారే. దాంతో డబ్బున్నవాళ్ళ చూపు సరిహద్దు దాటి సొనోరా మీద పడింది.

1997లో మెక్సికో ప్రభుత్వం ఒక పద్ధతి పెట్టింది. భూమి యజమాని - రాంచ్ ఆసామి కావచ్చు, ఎహీదో అనే ఉమ్మడి భూముల రైతులు కావచ్చు - తన భూమిలో అడవి జంతువుల సంరక్షణకు పథకం రాసి నమోదు చేసుకోవాలి. లెక్కింపు జరిగాక, ప్రభుత్వం ఏటా కొన్ని అనుమతులిస్తుంది. చంపిన జంతువుకు వెంటనే అంకె వేసిన పట్టీ కట్టాలి. దేశం దాటించాలంటే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పత్రాలు కావాలి. ఒక్క వేటకు ధర యాభైవేల డాలర్లకు పైమాటే. ఆవుల మందకన్నా ఒక్క ముసలి పొట్టేలు ఎక్కువ రాబడి తెస్తుందని తెలిశాక, రాంచ్ ఆసాములు పశువులను తగ్గించుకున్నారు, కొండల్లో నీటితొట్లు కట్టించారు, దొంగవేటగాళ్ళను తరిమారు. పశువులు కాసినవాడు గైడయ్యాడు.

*

ఇప్పుడు టిబురోన్. కాలిఫోర్నియా సింధుశాఖలో దాదాపు 1200 చదరపు కిలోమీటర్ల దీవి, మెక్సికో దీవులన్నిటిలోకి పెద్దది. అది సేరి తెగవారి నేల. వాళ్ళు తమను కొమ్‌కాక్ అని పిలుచుకుంటారు. స్పానిష్‌వాళ్ళతోనూ, తరువాత మెక్సికన్లతోనూ జరిగిన పోరాటాల్లో నలిగి, 20వ శతాబ్దపు తొలి దశకాలకు కొన్ని వందలమందే మిగిలారు. 1963లో ప్రభుత్వం దీవిని వన్యప్రాణి ఆశ్రయంగా ప్రకటించింది. 1975లో దీవిని వారి ఉమ్మడి ఆస్తిగా గుర్తించింది.

అదే 1975లో ప్రధానభూమి నుంచి ఇరవై కొండగొర్రెలను, పదహారు ఆడవి, నాలుగు మగవి, తెచ్చి దీవిలో వదిలారు. కొండసింహం లేదు, పెంపుడు గొర్రె లేదు. ఇరవై ఏళ్ళలో అవి వందల్లోకి పెరిగాయి. 1990ల మధ్యలో సేరి పెద్దలూ, ప్రభుత్వమూ, సంరక్షణ సంస్థలూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఏటా కొద్ది అనుమతులను అమెరికాలో వేలం వేస్తారు. ఆ సొమ్ము తెగకూ, గొర్రెల సంరక్షణకూ. ఒక్కొక్క అనుమతి లక్ష డాలర్లకు మించి పలికింది. దీవినుంచి వందల గొర్రెలను పట్టి, ఖాళీ అయిపోయిన ప్రధానభూమి కొండల్లో మళ్ళీ వదిలారు. వేటకు వచ్చిన కోటీశ్వరుడికి దారి చూపేవాడు సేరి గైడు. ఒకప్పుడు ఏ దీవిమీద వాళ్ళను వేటాడారో, ఆ దీవిమీదే.

కథ ఇక్కడితో సుఖాంతం అనుకున్నాను. 2014లో ఒక పరిశోధన వెలువడింది. టిబురోన్ కొండల్లోని ఒక గుహలో దొరికిన ఎండు పేడను పరీక్షిస్తే, అది కొండగొర్రెదేననీ, దాదాపు 1500 ఏళ్ళ నాటిదనీ తేలింది. అంటే 1975లో 'కొత్తగా' తెచ్చామనుకున్న జంతువు, ఒకప్పుడు ఆ దీవిదే. ఎప్పుడో నశించింది. మనుషులు తెలియకుండానే దాన్ని సొంతింటికి చేర్చారు. సేరి భాషలో ఈ గొర్రెకు మొహేత్ అని పేరుంది. మాట బతికింది, జంతువు తిరిగి వచ్చింది.

*

మరి చంపి కాపాడడం న్యాయమేనా?

వేటను సమర్థించేవారు, ముసలి పొట్టేలు ఎలాగూ రెండు మూడేళ్ళలో పోయేదే అంటారు. గీతలు లెక్కపెట్టే గైడు చేతిలో ఆ మాట కొంతవరకు నిజం. కానీ కెనడాలోని రామ్ మౌంటెన్ అనే కొండమీద ముప్ఫై ఏళ్ళ లెక్కలు తీసి 2003లో ప్రచురించిన పరిశోధన, పెద్దకొమ్ములవాటినే ఏరి చంపుతూ పోతే తరువాతి తరాల్లో కొమ్ములు చిన్నవవుతూ వచ్చాయని చెప్పింది. అది మంచుకొండల రకం. అక్కడ కొమ్ము పరిమాణం ఒక్కటే చూసి, అనుమతుల సంఖ్యకు హద్దు లేకుండా కాల్చనిచ్చారు. హద్దు లేని చోట వేటగాడు తను మోజుపడ్డ కొమ్మునే చెరిపేస్తాడన్నమాట. ఓధామ్ వేటగాళ్ళకు ఈ హద్దును వాన నేర్పింది. ఇప్పుడు ప్రభుత్వపు పట్టీ నేర్పుతోంది.

ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. యాభైవేల డాలర్ల వేట, ఆ కొండల కిందే పుట్టిన బీదవాడికి అందదు. వాడి తాతలు తిన్న మాంసం నేడు వాడికి నేరం. పరదేశి ధనవంతుడికి మాత్రం హక్కు. అటవీ చట్టాల చరిత్ర తెలిసిన మనకు ఇది కొత్త కథ కాదు.

మనదేశం 1972 చట్టంతో మరో దారి పట్టింది. షోకు వేటకు తలుపు మూసింది. ఆ చట్టం లేకపోతే నల్లమలలో ఈ రోజు పులి ఉండేది కాదని నేను నమ్ముతాను. కానీ ఆ ఏటితో మా తాత విద్యకు పనిలేకపోయింది. ఆకు వాడిన తీరు చూసి, పిట్ట అరుపు విని, పులి ఎంత దూరంలో ఉందో చెప్పగల ఆ తెలివిని ఎవరూ అడిగి రాసుకోలేదు. ఆయనతోనే పోయింది. ఆ తరువాత నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో కాపలాకు, జాడ తీయడానికి చెంచులను పెట్టుకున్నారని తెలిసినప్పుడు సంతోషించాను. అంటే ఆ తెలివికి తుపాకి అవసరం లేదు. తుపాకికే ఆ తెలివి అవసరం.

అందుకే సొనోరా కథలో నాకు నచ్చిన భాగం వేలంపాట కాదు. దుర్భిణి వెనక కూర్చుని "ఇది ఆరేళ్ళది, వద్దు" అన్న మనిషి. డబ్బిచ్చినవాడి వేలు తుపాకి మీటమీద ఉండగా కాదనగలిగినవాడు. సంరక్షణ అనే పెద్ద మాటకు ఎడారిలో నాకు దొరికిన అర్థం ఆ ఒక్క 'వద్దు'. మా తాత ఎన్నడైనా ఆ పెద్దమనిషితో వద్దని అనగలిగి ఉండేవాడా అని ఆలోచిస్తాను. అని ఉండడు. అనే హక్కు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

కిందటిసారి ఊరికి వెళ్ళినప్పుడు ఆ ఫొటో తీసి వెనకవైపు చూశాను. పెద్దమనిషి పేరు, హోదా, పులి పొడవు ఇంగ్లీషులో రాసి ఉన్నాయి. వాటి కింద, మిగిలిన కాస్త చోటులో, మా తాత పేరు తెలుగులో రాసి పెట్టాను.